బ్రేకు లైనులోకి గాలి ఎలా వచ్చింది?

(విజయనగరంలో ట్యాక్సీ డ్రైవర్లు, సొంత కార్లు ఉన్నవాళ్లు, మెకానిక్ షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో సీనియర్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆయన మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. మీకు చూపించడానికి కొన్ని సామాన్లు తెచ్చాను, అంత దూరం నుంచి కనిపించవు.

ఈరోజు ఒక్క బ్రేక్ పెడల్ గురించే మాట్లాడతాను. మీలో అరకు ట్రిప్పులు వేసేవాళ్లున్నారు, సాలూరు మీదుగా కోరాపుట్ పోయేవాళ్లున్నారు, అర్ధరాత్రి పేషెంట్లను ఎక్కించుకుని విశాఖ పరిగెత్తేవాళ్లున్నారు. షెడ్డుకి వచ్చేసరికి అందరిదీ ఒకే మాట. "మేస్త్రీ, బ్రేక్ సరిగ్గా పట్టట్లేదు." డాక్టరు దగ్గరికెళ్లి ఒంట్లో బాగోలేదని చెప్పి ఊరుకున్నట్టే ఉంటుంది అది. బాగోకపోవడం ఎలాగో చెప్పాలి కదా. అందుకే నేను తాళాలు తీసుకునే ముందు అడుగుతాను. పెడల్ మెత్తగా ఉందా? కిందికి వెళ్లి పడుతోందా? కాలు పెట్టి ఉంచితే దిగిపోతోందా?

ఈ మూడూ ఒకటి కాదు. మెత్తగా ఉండటమంటే, నొక్కుతున్నప్పుడు కాలికి స్ప్రింగులా తగులుతుంది. బండి ఆగుతుంది గానీ నమ్మకం కుదరదు. కిందికి వెళ్లి పడటమంటే, మొదటిసారి నొక్కితే సగానికి పైగా పోయి అప్పుడు పడుతుంది, వెంటనే ఇంకోసారి కొడితే పైకి లేచి గట్టిగా ఉంటుంది. దిగిపోవడం వేరు. మొదట బాగానే పడుతుంది, బాలాజీ జంక్షన్‌లో ఆగి కాలు అలాగే ఉంచారనుకోండి, మీరు అదనంగా నొక్కకపోయినా పెడల్ నెమ్మదిగా కిందికి జారుతుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే అది నాలుగో సంగతి. అది బూస్టరు, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో మీ కాలి బలాన్ని పెంచే భాగం, దాని వాక్యూమ్ పైపుల వైపు పోతుంది, ఈరోజు దాని జోలికి వెళ్లను. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. పెడల్ మెత్తబడిందని బూస్టరు మార్చమంటే ఒప్పుకోకండి. బూస్టరు పాడైతే పెడల్ గట్టిపడుతుంది, మెత్తబడదు.

మన షెడ్లలో ఈ మూడు జబ్బులకీ మందు మాత్రం ఒకటే. "ఎయిర్ తీసేద్దాం." బ్రేక్ ఆయిలు పోస్తారు, చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర, అదే నిపుల్, విప్పుతారు, నాలుగు బుడగలు వస్తాయి, పెడల్ కాస్త లేస్తుంది, డబ్బులిచ్చి వెళ్లిపోతారు. కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. ఎయిర్ తీయడం తప్పని నేనట్లేదు. అసలు ఆ గాలి ఎలా వచ్చిందని ఎవరూ అడగకపోవడమే నా బాధ. బ్రేకు లైనంటే పెడల్ బలాన్ని చక్రాల దాకా మోసే ఆయిలు దారి, అది మూసి ఉన్న లైను. దాంట్లోకి గాలి తనంతట తాను రాదు. ఎవరో విప్పి ఉండాలి, లేదా ఎక్కడో కారి ఆయిలు అడుగంటి ఉండాలి, లేదా ఆయిలే మరిగి ఆవిరై ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇదిగో, ఈ సిరంజి చూడండి. మందుల షాపులో కొన్నదే, సూది తీసేశాను. నిండా నీళ్లు ఎక్కించి, బుడగ లేకుండా చూసి, మూతిని వేలితో మూశాను. బాబూ, నువ్వు రా. నొక్కు. ఇంకా గట్టిగా. దిగిందా? లేదు. ఇప్పుడు ఒక్క సీసీ గాలి లాగుతున్నాను. మళ్లీ నొక్కు. దిగింది కదా! వదిలెయ్. చూశారా, వెనక్కి తన్నింది. అలా తన్నడమే మీ కాలికి మెత్తగా తెలిసేది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ ఒకేలా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ద్రవం నలగదు కాబట్టి మీ కాలి బలం నాలుగు చక్రాలకీ చేరుతుంది. గాలి నలుగుతుంది. మీరు నొక్కిన దాంట్లో కొంత దాన్ని నలపడానికే పోతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను, పుస్తకంలో రాసుకునేవాళ్లు రాసుకోండి. పెడల్ నొక్కితే ఆయిలుని లైనులోకి తోసేది మాస్టర్ సిలిండర్. దాని బోరు, అంటే లోపలి రంధ్రం వెడల్పు, 20 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. లైనులో 1 సీసీ గాలి ఉంటే, గట్టిగా నొక్కినప్పుడు అది దాదాపు మాయమైపోతుంది. ఆ చోటు నింపడానికి పిస్టన్ 3 మిల్లీమీటర్లకు పైగా అదనంగా కదలాలి. పెడల్ లివరు 4 రెట్లు అనుకుంటే, మీ కాలి దగ్గర అది సుమారు ఒకటింపావు సెంటీమీటరు. ఒక్క సీసీకే ఇంత. చిన్న బుడగే కదా అనకండి.

సరే, బండి ముందు కూర్చుందాం. చదునైన చోట ఆపండి. చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దింపేయండి. ఎందుకు దింపమన్నానో తర్వాత చెబుతాను. ఇంజిన్ ఆపేయండి. అన్నిటికంటే ముందు పెడల్ కింద మ్యాట్ చూడండి. నవ్వకండి. మ్యాట్ మీద మ్యాట్ వేసి, కింద నీళ్ల బాటిల్ దొర్లుతుంటే, పెడల్ పూర్తిగా దిగక బ్రేక్ పట్టట్లేదని వచ్చినవాళ్లున్నారు.

ఇంజిన్ ఆపాక పెడల్‌ని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదలండి. బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఖర్చయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు కాలు పెట్టి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎంత బలం పెడతారో అంతే పెట్టి ఉంచండి. నిమిషం సేపు కదలకండి. పెడల్ ఉన్నచోటే ఉందా, జారిందా చూడండి. తర్వాత సడన్ బ్రేక్ కొట్టినంత గట్టిగా నొక్కి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ నిలబడితే, కాలు తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేయండి. అప్పుడు పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. "అదిగో దిగింది మేస్త్రీ" అని కంగారు పడతారు చాలామంది. అది దిగాలి. బూస్టరు పని మొదలెట్టిందని దాని అర్థం. దిగకపోతేనే బూస్టరుని అనుమానించాలి. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు గట్టిగా తొక్కి పట్టుకుంటే కొన్ని బండ్లలో పెడల్ కొద్దిగా జరుగుతుంది, అందుకే పరీక్ష ఇంజిన్ ఆపి మొదలెట్టమన్నాను.

ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్ జారిపోయిందంటే మాత్రం ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఆయిలు బయటికి కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే వెనక్కి జారుతోంది. మూడోది ఏబీఎస్, అంటే సడన్ బ్రేక్‌లో చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, దాని యూనిట్‌లో వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం. అది అరుదు, మొదటి రెండూ కాదని తేలాకే దాని దగ్గరికి పోవాలి.

బయటికి కారడం ముందు చూడాలి. బానెట్ ఎత్తి ఆయిలు డబ్బా చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందా? తగ్గితే వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగే కొద్దీ, వాటిని డిస్కుకి అదిమే కాలిపర్ పిస్టన్లు ముందుకొస్తాయి, వాటి వెనకాల ఖాళీని నింపడానికి ఆయిలు దిగుతుంది. కాబట్టి లెవెల్ నెమ్మదిగా తగ్గడం మామూలే. ప్యాడ్లు చూడకుండా పోసేస్తే రెండు నష్టాలు. అరుగుదల సంగతి దాగిపోతుంది, కొత్త ప్యాడ్లు వేసిన రోజు ఆయిలు పొంగి బాడీ మీద పడుతుంది. బ్రేక్ ఆయిలు పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ఈ పెయింటు లేవడమే మనకి ఒక ఆధారం కూడా. మాస్టర్ సిలిండర్ వెనకాల, బూస్టరుకి అతుక్కునే చోట, టార్చి వేసి చూడండి. అక్కడ నల్ల రంగు పొక్కులు తేలి, కింద తుప్పు కనిపిస్తే వెనక సీలు కారుతోందని అర్థం. నేల మీద ఒక్క చుక్క కూడా కనపడదు, ఆయిలు మాత్రం తగ్గుతూనే ఉంటుంది. అదంతా బూస్టరు లోపలికి పోతోంది. ఎక్కడా లీక్ లేదు గానీ ఆయిలు తగ్గుతోందని ఎవరైనా అంటే నేను మొదట వెళ్లేది అక్కడికే.

తర్వాత చక్రాలు. ప్రతి టైరు లోపలి వైపు గోడ చెయ్యి పెట్టి తడమండి. వెనక డ్రమ్ముల దగ్గర బ్యాక్ ప్లేట్ అడుగున తడి ఉందా చూడండి. డ్రమ్ము విప్పాక, లైనర్లను డ్రమ్ముకి అదిమే వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉండే దుమ్ము రబ్బర్లను చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా ఎత్తండి. లోపల ఆయిలు నిలిచి ఉంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే, బయటికి ఇంకా రాలేదంతే. లైనర్లకి ఆయిలు పట్టి ఉంటే కడిగి వాడుకుందామనుకోకండి, రెండు వైపులా మార్చాలి. ఇప్పుడు చెప్పేది కుర్రాళ్ల కోసం. తడి కనిపించింది, అది బ్రేక్ ఆయిలో ఇంజిన్ ఆయిలో తెలియట్లేదు. గ్లాసులో నీళ్లు తీసుకుని ఒక చుక్క వేయండి. బ్రేక్ ఆయిలు నీళ్లలో కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిలు పైన తేలుతుంది. ఇంతకంటే చౌక పరీక్ష లేదు.

భోగాపురం, పూసపాటిరేగ వైపు, చింతపల్లి సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి ఇనప పైపులు క్లిప్పుల కింద తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపిస్తాయి. క్లిప్పు విప్పితే గానీ బండారం బయటపడదు. సర్వీసుకి ఎత్తినప్పుడల్లా అక్కడ ఒక కన్నేయమని అడగండి. హోస్ పైపులు కూడా. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు హోస్‌ని గుప్పిట్లో పట్టుకోవాలి. పట్టుకున్న చెయ్యికి అది ఉబ్బుతున్నట్టు తెలిస్తే, మీ పెడల్ మెత్తదనంలో దానికీ వాటా ఉంది.

ఎక్కడా తడి లేదు, డబ్బాలో లెవెల్ చెక్కు చెదరలేదు, అయినా పెడల్ జారుతోంది. అప్పుడు మాస్టర్ సిలిండర్. ఇదిగో, పాత మాస్టర్ సిలిండర్ నుంచి తీసిన పిస్టన్ ఇది, చేతులు మార్చుకుంటూ చూడండి. దీనికున్న నల్ల రబ్బరుని మనం వాషరంటాం, కప్పంటాం. అంచు చూడండి, పల్చగా బయటికి విచ్చుకుని ఉంటుంది. పిస్టన్ ముందుకెళ్తే ఒత్తిడికి ఈ అంచు బోరు గోడకి అదుముకుంటుంది, ఆయిలు వెనక్కి పోకుండా ఆపుతుంది. గోరుతో అంచు చుట్టూ రాయండి. ఒకచోట గోరు ఆగుతుంది. అక్కడ వెంట్రుకంత చీలిక ఉంది. అంతే, దాని గుండా ఆయిలు పిస్టన్ వెనక్కి జారి, తిరిగి డబ్బాలోకే పోతుంది. అందుకే బయట చుక్క కనపడదు, లెవెల్ తగ్గదు.

దీంట్లో ఒక చిత్రం ఉంది. గట్టిగా ఒక్కసారి కొడితే ఒత్తిడికి అంచు గోడకి బలంగా అతుక్కుని పెడల్ నిలబడొచ్చు. మెల్లగా, మెత్తగా నొక్కి ఉంచితే మాత్రం జారుతుంది. అందుకే రెండు రకాలుగానూ నొక్కి చూడమన్నాను. డ్రైవరేమో ట్రాఫిక్‌లో దిగిపోతోందంటాడు. మెకానిక్ రోడ్డు మీదికి తీసుకెళ్లి సడన్ బ్రేక్ కొట్టి బ్రహ్మాండంగా ఉందంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ కొట్లాడుకుంటారు.

ఖాయం చేసుకోవాలంటే మాస్టర్ సిలిండర్ నుంచి బయటికొచ్చే పైపులు విప్పి, ఆ రంధ్రాలకి సరైన మరలున్న ప్లగ్గులు బిగించి పెడల్ నొక్కాలి. రాయిలా నిలబడితే మాస్టర్ సిలిండర్ మంచిదే, తప్పు కింద ఎక్కడో ఉంది. ప్లగ్గులు బిగించినా జారితే ఇంక వెతకక్కర్లేదు. మాస్టర్ మంచిదని తేలితే పైపులు బిగించి, విప్పినందుకు ఎయిర్ తీసి, హోస్ పైపులకి క్లాంపు వేసి ఒక్కో చక్రాన్నీ విడదీసి చూడాలి. ఏ చక్రం హోస్ నొక్కినప్పుడు పెడల్ బాగుపడుతుందో దొంగ అక్కడున్నట్టు. మామూలు కటింగ్ ప్లేయర్‌తో హోస్‌ని నలిపేయకండి, లోపలి పొర చీలిపోతుంది. గుండ్రటి దవడలున్న క్లాంపు దొరుకుతుంది, అదే వాడాలి.

మాస్టర్ సిలిండర్‌కి కిట్టు, అంటే కొత్త రబ్బర్లు మాత్రమే, వేయాలా, మొత్తం మార్చాలా అని అందరూ అడుగుతారు. బోరు చూడకుండా దీనికి జవాబు చెప్పలేం. లోపల గుంటలు, గీతలు ఉంటే కొత్త వాషర్ని కూడా అవే కోసేస్తాయి. అల్యూమినియం బోరుని ఎమరీ పేపరుతో రుద్ది నున్నగా చేశామని చెప్పేవాళ్లున్నారు. పైన ఉన్న గట్టి పొరని రుద్దేశాక దానికి ఆయుష్షేముంటుంది? నా మటుకు నేను కొత్తది వేయమంటాను. కొత్తది వేసేటప్పుడు దాన్ని వైసుకి బిగించి, ముందే ఆయిలు పోసి లోపలి గాలి తీసేసి అప్పుడు బండికి ఎక్కించాలి. ఆ పని చేయకుండా ఎక్కించి, పెడల్ మెత్తగా ఉందని కొత్త సామానుని తిడుతుంటారు.

రెండో రకం, అంటే మొదట కిందికి వెళ్లి, రెండోసారి కొడితే లేచే పెడల్, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెనక డ్రమ్ముల్లో లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. ఆ సందు పూడ్చడానికే మొదటి నొక్కుడు ఖర్చయిపోతుంది. తనంతట సర్దుకునే అడ్జస్టర్ ఉంటుంది గానీ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఇందాక హ్యాండ్ బ్రేక్ దింపి పరీక్షించమన్నది ఇందుకే. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి పెడల్ నొక్కండి. పెడల్ ఎత్తు పెరిగిందా? అయితే వెనక డ్రమ్ములే. తేడా లేకపోతే ముందు చక్రాలు ఎత్తి, బేరింగ్ లూజుందా, డిస్కు వంకర తిరుగుతోందా చూడండి. డిస్కు వంకరుంటే తిరిగేటప్పుడు ప్యాడ్లను వెనక్కి తోసేస్తుంది, తర్వాతి బ్రేక్‌కి పెడల్ లోతుగా పోతుంది.

ఇప్పుడు ఘాట్ రోడ్డు. అరకు నుంచి అనంతగిరి మీదుగా ఎస్.కోట దిగేవాళ్లు, సుంకి ఘాట్ దిగి సాలూరు వచ్చేవాళ్లు చెవులిటు పెట్టండి. నిండా జనం, పైన లగేజీ, డ్రైవరు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలాడు, లేదా టాప్ గేరులో కాలు బ్రేక్ మీద నుంచి తీయకుండా దిగాడు. సగం దూరం వచ్చాక పెడల్ ఒక్కసారిగా నేలకి తగిలింది. ఎలాగో ఆపి, టీ తాగి, అరగంట ఆగి చూస్తే బ్రేక్ భేషుగ్గా ఉంది! మర్నాడు షెడ్డుకి తెస్తే ఏ లోపమూ దొరకదు. "ఏటి మేస్త్రీ, దెయ్యం పట్టిందా బండికి" అంటారు.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఆయిలు మరిగింది. బ్రేక్ ఆయిలుకి తేమని పీల్చుకునే గుణం ఉంది. హోస్ పైపుల రబ్బరు గుండా, డబ్బా మూత గుండా కొద్దికొద్దిగా గాలిలో తేమ లాక్కుంటూనే ఉంటుంది. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది కదా, అది మరిగే వేడికి సంబంధించిన గుర్తు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ 3.7 శాతం చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కైతే కొత్తలో 230, తేమ పట్టాక 155. డాట్ 5.1కి 260, 180. ఘాట్‌లో ఆపకుండా బ్రేక్ తొక్కితే డిస్కులు ఇంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతాయి, ఆ వేడి ప్యాడ్ల మీదుగా కాలిపర్‌లోని ఆయిలుకి చేరుతుంది. పాత ఆయిలైతే అక్కడే మరిగి ఆవిరవుతుంది. ఆవిరి అంటే సిరంజిలో మనం లాగిన గాలి లాంటిదే, నలుగుతుంది. చల్లారితే మళ్లీ ఆయిలైపోతుంది. అందుకే మర్నాడు ఏ ఆధారమూ దొరకదు. డ్రైవరు చెప్పే కథే ఆధారం. అందుకని షెడ్డు కుర్రాళ్లూ, కస్టమర్ మాటని కొట్టిపారేయకండి. ఎక్కడ జరిగింది, ఎంతసేపు దిగాక జరిగింది, పెడల్ నేలకి తగిలిందా, గట్టిగానే ఉండి బండి ఆగలేదా అని అడగండి. గట్టిగా ఉండి ఆగకపోతే అది లైనర్ల వేడి, ఆయిలు తప్పు కాదు. వాసన కూడా వస్తుంది, కాలిన వాసన.

ఆ పెడల్ నేలకి తగిలినప్పుడు ఏం చేయాలి? గబగబా కొట్టండి, ఆవిరి ఉన్నా కొంత ఒత్తిడి పేరుకుంటుంది. ఒక్కో గేరూ తగ్గించుకుంటూ రండి. హ్యాండ్ బ్రేక్ చాలా కార్లలో కేబుల్ మీద పని చేస్తుంది, ఆయిలుతో సంబంధం లేదు. బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగాలి, ఒక్క ఊపున లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది. అసలు అక్కడిదాకా రాకూడదంటే, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో మిగిలే పెట్రోలు ఒక టీకి కూడా రాదు.

ఆయిలు ఎప్పుడు మార్చాలంటారా? చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి అని మాన్యువల్‌లో రాస్తాయి. మీ బండి పుస్తకం ఏం చెబితే అది. రంగు చూసి తేల్చకండి. తేమకి రంగు లేదు, తేనె రంగులో ఉన్న ఆయిలు కూడా తేమ పట్టి ఉండొచ్చు. పెన్ను లాంటి టెస్టర్ ముంచి లైట్లు చూపిస్తారు, దాన్ని అంచనాకే వాడుకోండి, తీర్పుగా తీసుకోకండి. సగం వాడిన సీసా షెల్ఫులో పెట్టి వానాకాలమంతా ఉంచి మళ్లీ పోయకండి. బ్లీడింగ్‌లో, అంటే ఎయిర్ తీసేటప్పుడు, బయటికొచ్చిన ఆయిలు వడగట్టి పోసే మహానుభావులూ ఉన్నారు, వాళ్లకో దండం. డాట్ 5 అని సిలికాన్‌ది ఒకటి ఉంటుంది, అది మిగతావాటితో కలవదు. 5.1 వేరు, 5 వేరు. పెద్ద నంబరు కదా అని పోసేయకండి.

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఒకటుంది. తొందర్లో ఆ డబ్బాలో ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోయడం. బ్రేకు రబ్బర్లకి పెట్రోలియం నూనె పడదు. ఉబ్బిపోతాయి. మూత తీసి లోపలి రబ్బరు చూడండి. అది సాగి, వంకర తిరిగి, మళ్లీ మూతలో పట్టకపోతే అనుమానించాల్సిందే. అప్పుడు కడిగి కొత్త ఆయిలు పోస్తే సరిపోదు. మాస్టర్ సిలిండర్ నుంచి హోస్‌ల వరకు రబ్బరు ఉన్నదల్లా మార్చాలి, ఇనప పైపులు కడగాలి. ఇలాంటి బండి ఒకటి మా దగ్గరికొచ్చింది. మూత రబ్బరు అప్పడంలా పైకి లేచి ఉంది. ఆ ఓనరు బిల్లు చూసి మాట్లాడలేదు పాపం.

ఎయిర్ తీయడం గురించి. ఒకరు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ విప్పాలి, బిగించాకే కాలు వదలాలి. కాలు ముందే వదిలితే బయటి గాలిని మీరే లోపలికి పీలుస్తారు. నిపుల్‌కి తెల్లటి ప్లాస్టిక్ పైపు తగిలించి, రెండో చివర ఆయిలున్న సీసాలో ముంచండి, బుడగలు కళ్లకి కనపడాలి. మన బండ్లకి స్టీరింగ్ కుడి వైపు, మాస్టర్ సిలిండర్ కూడా మామూలుగా అటే. కాబట్టి చాలా బండ్లలో దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలెడతారు. కానీ కొన్నిట్లో వరస వేరు, మాన్యువల్ చూసుకోండి. పాత బండిలో పెడల్‌ని నేలదాకా తొక్కకండి. రోజూ వాషరు తిరగని భాగంలో బోరుకి తుప్పు, చెత్త పేరుకుని ఉంటాయి, అక్కడిదాకా తోస్తే ఆ వాషరు చిరుగుతుంది. బ్లీడింగ్‌కి ముందు బాగున్న పెడల్ బ్లీడింగ్ తర్వాత జారడం మొదలెట్టిందంటే కారణం చాలాసార్లు ఇదే. పెడల్ కింద చెక్క ముక్క అడ్డం పెట్టండి, సరిపోతుంది.

ఎన్నిసార్లు తీసినా మెత్తదనం పోకపోతే ముందు కాలిపర్లు చూడండి. నిపుల్ పైకి ఉందా, కిందికి ఉందా? విప్పి బిగించినప్పుడు కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసేస్తే నిపుల్ అడుక్కి పోతుంది. గాలి పైనే ఉంటుంది, మీరు కింద నుంచి సీసాల కొద్దీ ఆయిలు తీస్తూనే ఉంటారు. అదీ కాకపోతే కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడండి. కాలిపర్ జరగకపోతే ప్యాడు వంకరగా అరుగుతుంది, నొక్కినప్పుడల్లా కాలిపర్ వంగి స్ప్రింగులా తగులుతుంది. దాంట్లో గాలి ఊసే లేదు.

ఆ, అన్నయ్య ఏదో అడుగుతున్నారు. ఏబీఎస్ బండికి ఇవన్నీ పని చేస్తాయా అనా? 2019 నుంచి కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి మంచి ప్రశ్నే. పరీక్షలన్నీ ఇవే. కానీ ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే కాలితో తీయలేం, చాలా బండ్లకి స్కానర్ పెట్టి లోపలి వాల్వులు, పంపు తిప్పించాలి. ఆ స్కానర్ లేని చోట డబ్బా ఖాళీ అయ్యేదాకా బ్లీడింగ్ చేయించుకోకండి. ఇంకొకటి, హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ డబ్బా ఒకటే. బ్రేకులన్నీ వెతికి ఎక్కడా లీక్ దొరక్కపోతే క్లచ్ సిలిండర్ చూడండి.

ఇంకెవరు? చెప్పు తమ్ముడూ. పెడల్ దిగుతున్నా, ఆయిలు పోసుకుంటూ, కొట్టుకుంటూ విశాఖ వరకు వెళ్లిపోవచ్చా? చూడు, లెవెల్ తగ్గింది, పెడల్ మాత్రం గట్టిగా ఉంది, ఎక్కడా తడి లేదు, ప్యాడ్లు అరిగాయి. అలాగైతే వెళ్లు, వచ్చి ప్యాడ్లు మార్పించు. పెడల్ జారుతుంటే మాత్రం బండి కదపకు. ఇప్పటి బండ్లలో రెండు సర్క్యూట్లుంటాయి, చాలా చిన్న కార్లలో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం కలిపి ఒకటి. ఒకటి పోయినా రెండోది పని చేస్తుంది నిజమే. పెడల్ లోతుకి పోతుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, రెడ్ లైట్ వెలుగుతుంది. ఆ రెండో సర్క్యూట్ ఉన్నది నువ్వు బండిని పక్కకి తీసి ఆపడానికి, విశాఖ పోవడానికి కాదు. ఫ్రెండ్ బండికి తాడు కట్టి లాక్కొస్తానంటావేమో, అదీ వద్దు. తాడు కట్టినప్పుడు వెనక బండే బ్రేక్ వేయాలి, లేకపోతే ముందు బండిని గుద్దుతుంది. పైగా ఇంజిన్ ఆగి ఉంటే బూస్టరు కూడా సాయం చేయదు. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే బండిని పిలు. బయట మన కారు ఉంది, పదండి, ఇందాక చెప్పిన నిమిషం పరీక్ష ఒక్కొక్కరూ కూర్చుని చేద్దురుగాని.